పదమూడో నెలలో వేసిన సూది

ఎన్గుదాయ్‌కి ప్రతి ఇరవై ఎనిమిది రోజులకీ ఒక పెన్సిలిన్ సూది పడాలి. చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలై, కీళ్లు వాచి, చివరికి గుండెను పట్టుకునే జ్వరం ఆమెది. ఒక సూది తప్పితే ఎలాగో నెట్టుకు రావచ్చు. వరసగా తప్పుతూ పోతే గుండె కవాటాలు చెడిపోతాయి, ఇక బాగుపడవు. మా దెబ్రె తాబోర్ పట్టణం చుట్టుపక్కల ఇలాంటి పిల్లలు రెండు వందల పైచిలుకు ఉన్నారు. సూది వేసే పని నర్సులది. ఎవరు రాలేదో కనిపెట్టి వాళ్ల ఊరికి కబురు పంపే పని మాది, అంటే ఆసుపత్రి కార్డుల గదిది. ఇరవై ఒక్క ఏళ్లుగా నేను ఆ గదిలో గుమస్తాను. నా పేరు జెనెబెచ్. నేను చేసిన ఒక పని గురించి రాస్తున్నాను. తప్పు ఇంకెవరి మీదా నెట్టకూడదనే కూర్చున్నాను కానీ, మధ్యమధ్యలో నెడతాను. నా బుద్ధి నాకు తెలుసు.

మునుపు ఈ పనికి పెద్ద గాషె బెయన్. వయసులో పెద్దవాళ్లని మేము గౌరవంగా గాషె అంటాం. నాకు పని నేర్పింది కూడా ఆయనే. గోడకి ఒక చెక్క బీరువా ఉండేది, దానికి పదమూడు అరలు. మా ఏడాదికి నెలలు పదమూడు కదా, ముప్ఫయ్యేసి రోజులవి పన్నెండు, చివర్న ఐదు రోజుల పాగుమె. సూది వేయించుకున్నవాళ్ల కార్డు రావలసిన నెల అరలోకి పోతుంది. నెల తిరిగాక పాత అరలో ఎవరి కార్డు మిగిలితే వాళ్లు రానట్టు. శనివారం సంతకి ఆయన ఆ మిగిలిన కార్డులు పట్టుకుని వెళ్లి మొదట్లోనే నిలబడేవాడు. ఆ ఊరివాళ్లు ఎవరు కనిపిస్తే వాళ్లని ఆపేవాడు.

"ఏవయ్యా, మీ ఊళ్లో వాసె కూతుర్ని ఆసుపత్రి పిలుస్తోందని చెప్పు. మర్చిపోయావో, వచ్చే వారం నీ గాడిదని ఇక్కడే కట్టేసుకుంటా."

చీకటి పడేలోగా ఆ కబురు గుమ్మం చేరేది. దీనివల్ల జనానికి ఒక అలవాటు పడిపోయింది. చేతికిచ్చిన చీటీలో తేదీ ఎవరూ చూసుకోరు. ఆసుపత్రి పిలిస్తే బయల్దేరతారు, పిలవకపోతే పొలానికి పోతారు. రెండున్నర గంటలు నడిచి వచ్చేవాళ్లని నేను మాత్రం ఏమని తిట్టను?

గాషె బెయన్‌కి ఒకే ఒక్క పట్టింపు. "తెలియని తేదీ రాయొద్దే జెనెబ్. ఖాళీ వదిలెయ్. ఖాళీ గడి కంట్లో నలుసులాగ పొడుస్తూనే ఉంటుంది, తెలిసిన్రోజున నింపుతావు. అబద్ధం తేదీ రాశావంటే ఇంక దాని మొహం ఎవడూ చూడడు." రోజుకి రెండుసార్లు చెప్పేవాడు. నా ఒంట్లో ఇంకిపోయింది ఆ మాట.

హామ్లె నెల వానల్లో ఒక సహాయ సంస్థ మాకు కంప్యూటర్ ఇచ్చి, ఫోటోలు తీసుకుని వెళ్లిపోయింది. అందులో డేటాబేస్ కట్టుకునే సాఫ్ట్‌వేర్ ఉంది. అరవై రోజులు ఉచితం, ఆ తర్వాత లైసెన్స్ కొనాలి. తెరిచినప్పుడల్లా ఒక మూల చిన్న పెట్టెలో లెక్క చెప్పేది. ఇంకా యాభై తొమ్మిది రోజులు. ఇంకా యాభై ఎనిమిది. మా డైరెక్టర్ డాక్టర్ కిన్ఫె దగ్గరికి వెళ్లాను.

"ఎంతట లైసెన్సు?"

"మూడు వేల బిర్లు అవుతుందట డాక్టర్. కానీ బిర్లు పుచ్చుకోరు, డాలర్లే కట్టాలట."

"డాలర్లా!" ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆక్సిజన్ మిషన్ పార్టు కోసం ఏడు నెలల్నించి బ్యాంకు వరసలో నిలబడున్నాను జెనెబెచ్. నీ సాఫ్ట్‌వేర్‌ని వచ్చి నా వెనకాల నిలబడమను. అయినా అరవై రోజులుందిగా? ఈలోగా నేర్చేసుకో, కట్టేసుకో."

ఆ మూడు వేలు నా మూడు నెలల జీతం. కాబట్టి ఆయన్ని తిట్టుకోలేదు. నేర్చుకోవడం మొదలుపెట్టాను.

నాకప్పటికి నలభై నాలుగేళ్లు. మౌస్ పట్టుకుంటే నిజం ఎలుకలాగే చేతిలోంచి జారిపోయేది. సంత దగ్గర కంప్యూటర్ల కొట్టు పెట్టిన హబ్తె ఒక పుస్తకం జిరాక్స్ తీసిచ్చాడు. అందులో సగం పేజీలు వంకరగా పడ్డాయి, మిగతా సగం నా ఇంగ్లీషుకి అందలేదు. అయినా పట్టు వదల్లేదు. టేబుల్ అంటే మా బీరువా. అందులో ఒక్కో వరసా ఒక్కో కార్డు. ఫారం అంటే కార్డు ముఖం. క్వెరీ అంటే సంత మొదట్లో నిలబడి గాషె బెయన్ అడిగే ప్రశ్న. ఇలా నాకు నేనే చెప్పుకున్నాక దారి దొరికింది. నలభయ్యో రోజున మొదటిసారి అడిగాను, చివరి సూది పడి ఇరవై ఎనిమిది రోజులు దాటినవాళ్లెవరని. పద్నాలుగు పేర్లు టపటపా దిగాయి. కుర్చీలోంచి లేచి గంతులేసినంత పని చేశాను.

గాషె బెయన్ వచ్చి భుజం మీదుగా తొంగి చూశాడు. "ఈ పద్నాలుగు పేర్లు నేనూ చెప్తాను."

"ఎంతసేపట్లో?"

"ఒక టీ తాగినంతసేపట్లో."

"ఇది ఒక్క క్షణంలో చెప్పింది గాషె."

"అయితే నా టీ ఎవడు తాగుతాడే?" అని నవ్వాడు. పాపం, ఆయనకి అప్పటికే తెలుసు, పదవీ విరమణ కాగితం వచ్చేసింది.

తేదీలన్నీ మా తేదీలే కొట్టాను. ఫరెంజీల, అంటే తెల్లవాళ్ల, తేదీలు మా రోగులకేం తెలుసు, నాకు మాత్రం ఏం తెలుసు? అంతా బాగానే సాగింది, పాగుమె వచ్చేదాకా.

పాగుమె మూడు, రుఫాయెల్ దేవదూత పండగ. ఆ రోజు పడే వాన పవిత్రమని పిల్లలూ పెద్దలూ బయట నిలబడి తడుస్తారు. ఎన్గుదాయ్ ఆ వానలోనే సూదికి వచ్చింది. పద్దెనిమిదేళ్ల పిల్ల, పీలగా ఉండేది, నోటికి మాత్రం అడ్డు లేదు. జడల్లోంచి నీళ్లు నా నేల మీద కారుతున్నాయి.

"గుండెజబ్బు పెట్టుకుని వానలో గంతులేంటే?"

"రుఫాయెల్ వానక్కా. జబ్బులన్నీ కడిగేస్తుంది."

"కడిగేస్తే మళ్లీ సూదెందుకు?"

"అది మా అమ్మ కోసం." పకపకా నవ్వింది. తర్వాత తెర వైపు చూసి గొంతు తగ్గించింది. "అక్కా, నీ మిషన్‌కి నా పేరు కూడా తెలుసా?"

చూపించాను. ఎన్గుదాయ్ వాసె, ఊరు వూహా మెడా. తన పేరు తెర మీద చూసి, కాలుతుందేమో అన్నట్టు వేలితో తాకింది.

"ఇప్పుడు నువ్వు వచ్చిన తేదీ వేస్తాను చూడు" అని గొప్పగా నెల దగ్గర పదమూడు కొట్టాను. మిషన్ టింగుమంది. ఇది తేదీ కాదంది. మళ్లీ కొట్టాను, మళ్లీ టింగు. పన్నెండు దాటితే దాని దృష్టిలో నెల లేదు.

"నేను రాలేదంటోందా?" అంది ఎన్గుదాయ్.

"నువ్వొచ్చావు, నేను చూశానుగా. పోయి సూది వేయించుకో పో."

ఆ ఐదు రోజుల్లో అలా పదకొండు మంది వచ్చారు. పన్నెండో నెల చివరి రోజు, నెహసె ముప్ఫై అని కొట్టేస్తే మిషన్ నోరు మూసుకునేది. కానీ అది అబద్ధం తేదీ. ఇరవై ఒక్క ఏళ్లు నేర్చుకున్నదే చేశాను. పదకొండు గడుల్లోనూ పాత తేదీ చెరిపి ఖాళీ వదిలి, వాళ్ల పేర్లు నోటు పుస్తకంలో రాసుకుని, హబ్తె దగ్గరికి పరిగెత్తాను.

"మన పదమూడు నెలలూ తెలిసిన ముక్క ఒకటి రాజధానిలో, అడిస్‌లో అమ్ముతున్నారు. దీనికి తగిలిస్తే చాలు" అన్నాడు వాడు. "ఏడాదికి తొమ్మిది వేలు. అది కూడా ఒక్క మిషన్‌కే."

"మన కేలండర్ మనకే అమ్ముతున్నారా?"

"మరి ఫరెంజీలకి అమ్మమంటావా?"

డాక్టర్ కిన్ఫె దగ్గరికి ఈసారి వెళ్లనేలేదు. ఏమంటాడో నేనే చెప్పగలను. హబ్తె ఇంకో మాట చెప్పాడు. కొత్త ఏడాది మొదటి నెల, మెస్కెరెమ్ ఐదుతో అరవై రోజులు అయిపోతాయి. ఆలోపు నేను కట్టినదాన్ని ఒక మూటగా కట్టిస్తాడట. లైసెన్స్ లేకుండానే నడుస్తుంది, పేర్లు, తేదీలు ఎక్కించుకోవచ్చు, జాబితాలు తీసుకోవచ్చు. కానీ ఫారం మార్చాలన్నా, కొత్త ప్రశ్న అడగాలన్నా కుదరదు. "ఏం మార్చాలన్నా ఈ వారంలోనే మార్చుకో అక్కా" అన్నాడు.

తేదీ గడి తీసేసి మామూలు రాత గడి పెట్టుకోవచ్చని, అప్పుడు పదమూడో నెల కూడా పడుతుందని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. కొత్త సంవత్సరం పండగొచ్చింది, రెండు రోజులు ఇంట్లో కోడికూర వండుతూ గడిచిపోయాయి. మిగిలిన రెండు రోజులూ ఏ గడి కదిపితే ఏం కూలుతుందోనని భయపడి, ఏదీ ముట్టుకోలేదు. మెస్కెరెమ్ ఐదున హబ్తె మూట కట్టేశాడు. ఖాళీలు ఖాళీలుగానే ఉండిపోయాయి.

అదే నెల గాషె బెయన్ ఇంటికి వెళ్లిపోయాడు. బీరువా మందుల గదికి పోయింది. ప్రతి గురువారం నేను మీట నొక్కితే రానివాళ్ల జాబితా కాగితం మీద వచ్చేది. దాన్ని పట్టుకుని శనివారం సంతలో కబుర్లు పంపేదాన్ని. మా పై ఆఫీసు జోన్ నుంచి తనిఖీకి వచ్చినవాళ్లు ఆ కాగితం చూసి, "మిగతా ఆసుపత్రులు నిన్ను చూసి నేర్చుకోవాలి" అన్నారు. ఆ రాత్రి ఇంట్లో అద్దంలో మొహం చూసుకున్నాను. అంత సంతోషం.

పదకొండు మందిలో ఎనిమిది మంది ఏవో పనుల మీద ఊళ్లోకి వచ్చి, తమంతట తామే సూది వేయించుకుని పోయారు. వాళ్లకి కొత్త తేదీలు పడ్డాయి. మిగిలిన ముగ్గురినీ నేను మర్చిపోయాను. మర్చిపోయాను అని రాస్తే చిన్న మాటలా ఉంది. నోటు పుస్తకం అయిపోయింది, కొత్తది కొన్నాను, అంతే జరిగింది.

ఏడాదిలో తొమ్మిదో నెల గిన్బోత్‌లో జోన్ ఆఫీసు వాళ్లు గుమస్తాలకి ఒకరోజు శిక్షణ పెట్టారు. చెప్పడానికి వచ్చింది నా కూతురి వయసు పిల్ల. ముందుగా, తను నేర్పేదానికి లైసెన్స్ అక్కర్లేదని, చాలా ఏళ్లుగా ఎవరికైనా ఉచితంగానే దొరుకుతోందని చెప్పింది. నాకు ఒళ్లు మండింది. ఆ ముక్క ఎవడైనా ఒక్కడు పది నెలల ముందు చెప్పి ఉంటే నేను గడియారం చూసుకుంటూ నేర్చుకునేదాన్నా? సరే, కోపం దిగమింగి రాసుకుంటూ కూర్చున్నాను. మధ్యాహ్నం చెయ్యెత్తాను.

"తేదీ ఖాళీగా ఉన్నవాళ్లు దేన్లోకొస్తారమ్మా? వచ్చినవాళ్లలోకా, రానివాళ్లలోకా?"

"దేన్లోకీ రారండి."

"అదేంటి? తేదీ లేదంటే రానట్టే కదా?"

"అలా మనం అనుకుంటాం. ఖాళీ అంటే పాత తేదీ కాదు, కొత్త తేదీ కాదు. ఇరవై ఎనిమిది రోజులు దాటిందా అని అడిగితే ఖాళీ దగ్గర అవునూ లేదు, కాదూ లేదు. అందుకని ఆ వరసని అసలు చూపించదు. ఖాళీగా ఉన్నవేంటో చూపించు అని విడిగా అడగాలి." మా అందరి వైపు చూసి నవ్వింది. "కొత్తవాళ్లందరూ ఇక్కడే పడతారు."

కార్డు మీద ఖాళీ కనిపించి పొడుస్తుంది. ఇక్కడ ఖాళీ ఉన్న మనిషే కనిపించడు. నేను తీసిన ఏ జాబితాలోనూ వాళ్లు లేరు, లేరన్న సంగతి కూడా లేదు.

వెంట తెచ్చుకున్న మా ఫైలు ఆ పిల్ల లాప్‌టాప్‌లో తెరిపించి, ఆ ప్రశ్న అడిగించాను. మూడు పేర్లు వచ్చాయి. మొదటి అబ్బాయి గొండర్ పట్నం వెళ్లిపోయి అక్కడే సూదులు వేయించుకుంటున్నాడని ఫోనులో తెలిసింది. రెండో పిల్లకి మేనమామ నర్సు, ఇంట్లోనే వేస్తున్నాడు. చేతులెత్తి దేవుడికి దండం పెట్టాను. మూడో పేరు ఎన్గుదాయ్ వాసె. ఫోన్ లేదు. తొమ్మిది నెలలు, తొమ్మిది సూదులు.

మర్నాడు పొద్దున్నే మలుపుదాకా మినీబస్సులో పోయి, అక్కడి నుంచి వూహా మెడాకి నడిచాను. దారి పొడుగునా, వేరే ఆరోగ్య కేంద్రంలో వేయించుకుని ఉంటుందని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను.

ఎన్గుదాయ్ తల్లి తెవాబెచ్ నన్ను చూసి రెండు చేతులూ చాచి ఎదురొచ్చింది. "ఆసుపత్రి మనిషి మా ఇంటికొచ్చిందర్రా!" భుజాలు తాకించి, బుగ్గలు ముద్దు పెట్టుకుని, కూర్చోబెట్టి, వద్దంటున్నా కాఫీ గింజలు పెనం మీద పోసింది.

"ఎన్గుదాయ్ ఏది?"

"ఏదేంటి తల్లీ, దాని మొగుడింట్లో. నాలుగు నెలల కింద, టిర్ నెల్లో పెళ్లి చేసేశాం, నీకు కబురందలేదూ? అదిగో, ఆ వాగు పక్కన కొత్త రేకుల ఇల్లు. నువ్వొచ్చావని కేకేశాగా, వచ్చేస్తుంది." గింజలు కలుపుతూ నా వైపు వంగింది, సంతోషం పట్టలేక. "మగపిల్లాడి తరఫున పెద్దమనుషులు ముగ్గురొచ్చారు. మొట్టమొదట అదే అడిగారు, పిల్లకి గుండెజబ్బని విన్నాం, నిజమేనా అని. నేను దాచలేదమ్మా. మరియమ్మ తల్లి సాక్షిగా దాచలేదు. ఉండేది అన్నాను. ఒక్కసారి తప్పితే చాలు, సంతలో మనిషిని ఆపి మరీ కబురంపేవాళ్లు, ఐదేళ్లు మమ్మల్ని వదల్లేదు. ఇప్పుడు చూడండి, కొత్త సంవత్సరం నుంచి ఒక్క కబురు లేదు. నయమైపోయింది కాబట్టే పిలవడం మానేశారు అన్నాను. అందులో పెద్దాయన తలూపాడు. నిజమే, ఆసుపత్రి ఊరికే వదలదు అన్నాడు."

వాకిట్లోంచి ఆ కొత్త ఇల్లు, అక్కడి నుంచి పైకి వచ్చే దారి కనిపిస్తున్నాయి. ఎన్గుదాయ్ ఎక్కుతోంది. చేతిలో ఏ బరువూ లేదు. పది అడుగులు వేసి ఆగింది. నడుం మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడింది. మళ్లీ ఐదారు అడుగులు, మళ్లీ ఆగింది. అది ఎక్కువ ఎత్తు కూడా కాదు. మేకపిల్లలా గెంతే పిల్ల అనేవాళ్లం మేము కార్డుల గదిలో.

వాకిట్లోకి వచ్చేసరికి పెదాలు నల్లబడి ఉన్నాయి, పాదాలు వాచి చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగాయి. అయినా మొహం నిండా నవ్వు.

"అక్కా! ఇంత దూరం నడిచొచ్చావా?" గుమ్మానికి ఆనుకుని కాసేపు ఊపిరి తీసుకుంది. "నాకు నయమైపోయిందిగా, మళ్లీ ఎందుకొచ్చావు?"

దారిలో ఎన్నో మాటలు కూర్చుకున్నాను. మిషన్, లైసెన్స్, పదమూడో నెల, అడిస్‌లో అమ్మే ముక్క. ఒక్కటీ నోటికి రాలేదు. రాకపోవడమే మంచిది.

"నయం కాలేదమ్మా" అన్నాను. "నిన్ను పిలవాల్సింది నేను. పిలవలేదు. నా తప్పే."

తెవాబెచ్ గరిటె ఆగిపోయింది. పెనం మీద గింజలు మాడి పొగ లేచింది. "ఆ పెద్దమనుషులకి నేను మాటిచ్చానే" అంది, నాతో కాదు, ఎవరితోనో. తర్వాత మాడిన పెనం దించి పక్కన పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఎన్గుదాయ్ తల్లిని చూడలేదు. కప్పుకున్న తెల్ల షామా కింద ఒక చెయ్యి పొట్ట మీదికి పోయింది. అప్పటిదాకా నేను గమనించలేదు.

"మరి వీడు, అక్కా?"

ముందు ఆసుపత్రికి పదమన్నాను, ఒక్క అడుగు కూడా నడవొద్దన్నాను. ఊళ్లో రోగుల్ని మోసే మంచం ఉంటుంది, పిలిస్తే ప్రతి ఇంటి నుంచీ ఒక మగవాడు రావాలి. పావుగంటలో పన్నెండు మంది వచ్చారు. ముందు కర్ర పట్టుకున్న కుర్రాడు ఆమె భర్త. ఏమైందని నన్ను అడిగాడు. నేను పిలవడం మర్చిపోయానని చెప్పాను. అతనికి అర్థం కాలేదు, మంచం భుజానికెత్తుకుని నడిచాడు. రోడ్డుదాకా రెండు గంటల దారి. భుజాలు మార్చుకున్నప్పుడల్లా వెనకబడి నా పక్కన నడిచే మనిషి, ఏమైందమ్మా పిల్లకి అని అడిగేవాడు. అడిగిన ప్రతివాడికీ చెప్పాను.